28 మి.మీ. ప్లాస్టిక్ బొమ్మలతో మద్రాస్ సాపర్ల సెక్షన్: అతుకు నుంచి కన్వర్షన్ (కోసి మార్చడం) దాకా

రెండో ప్రపంచయుద్ధపు భారత సైన్యాన్ని బొమ్మల యుద్ధపు ఆట టేబుల్ మీదికి తెచ్చేవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. బ్రిటిష్ ఎయిత్ ఆర్మీ (ఉత్తరాఫ్రికా ఎడారిలో పోరాడిన సైన్యం) బొమ్మల పెట్టె కొంటారు, హెల్మెట్ తలలు పక్కన పడేస్తారు, తలపాగా తలలు అతికిస్తారు. పంజాబ్ రెజిమెంట్ల సిక్కు కంపెనీలకు అది సరిపోతుంది. మద్రాస్ సాపర్లకు, అంటే మైన్లు (మందుపాతరలు) తీసి దారులు తెరిచే సైన్యపు ఇంజనీర్లకు, సరిపోదు. పరేడ్‌లో వాళ్లకు తమదైన టోపీ ఉన్నా, మైన్ల మధ్య పనిచేసేటప్పుడు వాడింది మామూలు మార్క్ 2 ఉక్కు హెల్మెట్టే. కాబట్టి పెట్టెలో వచ్చిన తలలను అలాగే ఉంచి కష్టమంతా చేతుల మీద, వీపు మీద, బేస్ (బొమ్మ నిలబడే పలక) మీద పెట్టాలి. చూసేవాడు ‘ఇది ఇంజనీర్ల గుంపు’ అని గుర్తుపట్టేది ఆ పనిముట్లతోనే.

నాలుగో భారత డివిజన్‌లో 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌వి. కేంద్రం బెంగళూరు. జవాన్లు మద్రాస్ ప్రెసిడెన్సీ నలుమూలల నుంచి, మన తెలుగు జిల్లాల నుంచి కూడా, చేరినవాళ్లు. సైన్యంలో వీళ్లకు ‘తంబి’ అని ముద్దుపేరు. పైగా ముళ్లకంచెలు పేల్చే బెంగళూరు టార్పెడోను 1912లో తయారుచేసింది ఇదే దళంలోని కెప్టెన్ మెక్లింటాక్. దాన్ని మన బొమ్మల చేతికి ఇవ్వకపోతే ఎలా!

ముందు ఏ సంవత్సరమో తేల్చుకోండి

కత్తెర పట్టేముందు ఇది తేలాలి, ఎందుకంటే సగం పనిముట్లు తేదీ మీదే ఆధారపడతాయి. 1940 డిసెంబర్ సిదీ బర్రానీ (ఈజిప్టు), 1941 కెరెన్ (ఎరిట్రియా) యుద్ధాలు అయితే మైన్ డిటెక్టర్ జోలికి వెళ్లకండి. ఎడారిలో పెద్ద ఎత్తున వాడిన పోలిష్ డిటెక్టర్ లెఫ్టినెంట్ యూజెఫ్ కొసాట్స్కీ తయారుచేసింది, 1942 అక్టోబర్ ఎల్ అలమైన్ నాటికి దాదాపు 500 అందాయి. అంతకు ముందు సెక్షన్‌కు బయొనెట్‌తో (తుపాకీ కొసకు తగిలించే కత్తితో) పొడిచి వెతికే మనుషులే ఎక్కువ ఉండాలి. 1944 ఇటలీ అయితే ఈ పెట్టే పనికిరాదు. 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ సుబేదార్ సుబ్రమణ్యన్‌కు మరణానంతరం జార్జ్ క్రాస్ తెచ్చిన ఘటన 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర జరిగింది. అది చలికాలపు ఇటలీ. నిక్కర్లు కాదు, ఉన్ని బాటిల్‌డ్రెస్ ప్యాంట్లు కావాలి. ఈ గైడ్ 1942 ఎడారికి: ఖాకీ డ్రిల్ చొక్కా, నిక్కరు, మోకాలి కింద మడతపెట్టిన మేజోళ్లు, బూట్లు.

పెర్రీ మినియేచర్స్ ‘డెజర్ట్ రాట్స్’ పెట్టె, వార్‌లార్డ్ గేమ్స్ ఎయిత్ ఆర్మీ పెట్టె రెండూ గట్టి పాలీస్టైరీన్‌వే, రెండూ పనికొస్తాయి. పెర్రీ బొమ్మలు సన్నగా, తలలు చిన్నవిగా ఉంటాయి. వార్‌లార్డ్‌వి కాస్త బొద్దుగా, చేతులు పెద్దవిగా ఉంటాయి. రెంటినీ ఒకే సైన్యంలో పెట్టొచ్చు, కానీ ఒక పెట్టె తలను ఇంకో పెట్టె మొండేనికి తగిలిస్తే మెడ దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తుపాకులు చూసుకోండి. భారత దళాల చేతిలో ఉండాల్సింది ఎస్ఎంఎల్ఈ రైఫిల్, అంటే చెక్క ముందు దాకా వచ్చి గొట్టం చివర దాదాపు దానితో సమంగా ఆగేది. గొట్టం చెక్క దాటి పొడుచుకొచ్చి ఉంటే అది నంబర్ 4 రైఫిల్. అవి వచ్చిన స్ప్రూలను (భాగాలు అతుక్కుని వచ్చే చట్రాలను) ఇటలీ సైన్యానికి దాచుకోండి.

చౌకగా దొరికే 1/72 స్కేలు (ఇంకా చిన్న) మెత్తని బొమ్మలతో మొదలుపెడదామనుకుంటే ఒక హెచ్చరిక. వాటిలో ఎక్కువ భాగం పాలీథీన్ రకం. ప్లాస్టిక్ సిమెంట్ వాటిని కరిగించదు కాబట్టి అతుకు పట్టదు, గీకితే నున్నబడకుండా పీచులా లేస్తుంది. అవి ఉన్నవి ఉన్నట్టు రంగులేసి వాడుకోవడానికి బాగుంటాయి, కోసి మార్చడానికి కాదు.

పది మంది లెక్క

ఒక సెక్షన్‌కు 10 బొమ్మలు చాలు: థాంప్సన్ తుపాకీతో ఒక నాయక్, డిటెక్టర్లతో ఇద్దరు, బయొనెట్‌తో నేలను పొడిచేవాళ్లు ఇద్దరు, మైన్లు తీసిన దారికి హద్దుగా తెల్ల టేపు పరిచేవాళ్లు ఇద్దరు, బెంగళూరు టార్పెడో జంట, బ్రెన్ గన్‌తో (లైట్ మెషిన్ గన్) ఒకడు. కమాండర్‌కు బండి కావాలనుకుంటే యూనివర్సల్ క్యారియర్ (ట్రాకుల మీద నడిచే చిన్న కవచపు బండి) కన్నా మంచి సాకు లేదు. మద్రాస్ కాదు గానీ, బొంబాయి సాపర్లకు చెందిన సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్ర సింగ్ భగత్ 1941లో అబిసీనియాలో (నేటి ఇథియోపియా) క్యారియర్ మీదే ముందుకు సాగుతూ 96 గంటల్లో 55 మైళ్ల దారి మీద 15 మైన్‌ఫీల్డ్‌లను ఖాళీ చేసి విక్టోరియా క్రాస్ అందుకున్నాడు.

సామాన్లు

ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే చిన్న నిప్పర్ స్ప్రూ కోయడానికి సరిపోతుంది, ఒక వైపు చదునుగా ఉన్నది ఎంచుకోండి. 11వ నంబర్ బ్లేడు కత్తి, సూది ఆకురాళ్ల సెట్టు, 400, 600 నంబర్ నీటి శాండ్‌పేపర్, 0.5 నుంచి 1 మి.మీ. బిట్లతో చేతి డ్రిల్లు. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ అతకడానికి పల్చని సిమెంట్: టామియా ఆకుపచ్చ మూత సీసా, లేదా సూది గొట్టంతో వచ్చే రెవెల్ కాంటాక్టా. తీగ, రెసిన్, లోహం అతకడానికి ఫెవిక్విక్.

పుట్టీ విషయంలో పిసినారితనం, దుబారా రెండూ నష్టమే. ఎం-సీల్ బేస్‌ల మీద దిబ్బలు, గుంతలు చేయడానికి భేషుగ్గా ఉంటుంది, త్వరగా గట్టిపడుతుంది. కానీ దాని రేణువు ముతక. గుడ్డ మడత, వేలు, గడ్డం లాంటివి దానితో తీయాలని కూర్చుంటే విసుగే మిగులుతుంది. వాటికి నీలం-పసుపు గ్రీన్ స్టఫ్ కావాలి. పట్టీ రూపంలో కొంటే నీలం, పసుపు రెండూ కలిసే నడిమి గీత దగ్గర అప్పటికే గట్టిపడిన నలుసులుంటాయి. అక్కడ 2 మి.మీ. మేర కోసి పారేయండి. లేకపోతే సరిగ్గా ముఖం మీద పనిచేసేటప్పుడే ఆ నలుసు కత్తికి తగులుతుంది. సమాన పాళ్లలో, చారలు పోయి ఒకే ఆకుపచ్చ వచ్చేదాకా పిసకాలి. నీలం కాస్త ఎక్కువైతే గట్టిగా, అంచులు పదునుగా వస్తాయి. పసుపు ఎక్కువైతే మెత్తగా, జిగురుగా ఉండి పట్టీలు, మడతలు సాగుతాయి. పనికి గంటో గంటన్నరో టైం ఇస్తుంది. మే నెల ఎండల్లో అందులో సగమే అనుకోండి. వాడని పట్టీని ఫ్రిజ్‌లో పెట్టండి.

కోయడం, గీకడం

ముందు స్ప్రూలను గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి సులువుగా ఊడడానికి వాడిన నూనె పొర ఉంటే తర్వాత రంగు పెచ్చులూడుతుంది.

భాగాన్ని ఒక్క కోతలో తీయకండి. మొదటి కోత 2 మి.మీ. దూరంగా, రెండో కోత దగ్గరగా, మిగిలింది కత్తితో. ఒక్కసారే దగ్గరగా నొక్కితే ఒత్తిడికి ప్లాస్టిక్ తెల్లబడి లోపలికి చిట్లుతుంది. తుపాకీ గొట్టాలు, బయొనెట్లు అయితే విరిగిపోతాయి కూడా. బయొనెట్ దగ్గర ముందు దూరపు కొసలు కోసి, మొదలు దగ్గరిది చివర్లో కోయాలి.

అచ్చు రెండు పలకలు కలిసే చోట వచ్చే గీతను కత్తి వీపుతో, బ్లేడును దాదాపు నిలువుగా పట్టి గీకండి. పదును వైపుతో గీకితే చెక్కినట్టు గుంటలు పడతాయి. ఎడారి బొమ్మలకు ఈ పని మామూలు కన్నా ఎక్కువ శ్రద్ధగా చేయాలి. ఉన్ని ప్యాంటు మడతల్లో గీత దాక్కుంటుంది. బోసి మోకాలు, మోచేయి, పిక్క మీద దాక్కోదు, వాష్ (పలచని ముదురు రంగు) వేయగానే మచ్చలా బయటపడుతుంది. హెల్మెట్ అంచు, తుపాకీ బొడిపె, బూటు పక్కలు మరిచిపోయే చోట్లు.

అతుకులో ఏం జరుగుతుంది

ప్లాస్టిక్ సిమెంట్ నిజానికి జిగురు కాదు, రెండు పక్కల ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేసే ద్రావకం. దీన్నుంచే మిగతా నియమాలన్నీ వస్తాయి. రంగు లేదా ప్రైమర్ పూసిన చోట అతకదు, గీకి ప్లాస్టిక్ బయటపెట్టాలి. ఎక్కువ పోస్తే చొక్కా గుండీలు, ముఖం కరిగిపోతాయి. భాగాలను ముందు కలిపి పట్టుకుని, కుంచె కొసను సందు దగ్గర ముట్టిస్తే ద్రవం తనంతట తానే లోపలికి పాకుతుంది. ఆ సమయంలో వేలు సందు మీద ఉంటే ద్రవం వేలి కిందికి కూడా పాకి వేలిముద్ర బొమ్మ మీద శాశ్వతంగా మిగులుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, వాసన తలకెక్కుతుంది.

వరుస ఇలా ఉంటే తిప్పలు తక్కువ: మొండేన్ని బేస్ మీద నిలబెట్టండి, అది పూర్తిగా పట్టేదాకా ఆగండి. తర్వాత రెండు చేతులతో తుపాకీ పట్టుకున్న బొమ్మ అయితే జిగురు లేకుండా రెండు చేతులూ పెట్టి చూడండి. కుదిరాక తుపాకీ ఉన్న చేతిని అతికించి, అది ఇంకా కదులుతుండగానే రెండో చేతిని అతికించి, రెండింటినీ కలిపి సర్దండి. ఒక చేయి ఆరిపోయాక రెండోది పెడితే అరచేయి తుపాకీని అందుకోదు, భుజం దగ్గర సందు పడుతుంది. ఇక్కడే ఎక్కువమంది సందులో పుట్టీ కుక్కి సరిపెట్టుకుంటారు, అందుకే భుజాలు ఉబ్బి కనిపిస్తాయి. తల ఆఖర్న. చూపు చేతుల పని వైపు తిరగాలి. ముఖ్యంగా మైన్లు వెతికేవాడు దూరం చూస్తుంటే బొమ్మ అబద్ధం చెబుతున్నట్టే.

సందులకు స్ప్రూ ముద్ద చేసుకోండి. సగం అయిపోయిన సిమెంట్ సీసాలో స్ప్రూ తరుగు వేసి రాత్రంతా వదిలితే చిక్కటి పాకం అవుతుంది. నింపితే అది బొమ్మ ప్లాస్టిక్కే అవుతుంది కాబట్టి ఆకురాయికి ఒకే తీరున అరుగుతుంది. కానీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. కాస్త ఉబ్బెత్తుగా నింపి, మర్నాడు అరగదీయండి.

కాళ్లు ఎక్కడ కోయాలి

పెట్టెలో కాళ్లు నడిచేవి, నిలబడినవి, మోకాళ్ల మీద కూర్చున్నవి ఉంటాయి. మనకు ఇంకా వంగినవాళ్లు, పాకేవాళ్లు కావాలి. నిక్కరు బొమ్మకు రెండు చోట్ల కోతలు కనబడవు: నిక్కరు అంచు దగ్గర, మేజోడు మడత దగ్గర. రెండు చోట్లా గుడ్డ అంచు నీడ ఇస్తుంది కాబట్టి అతుకు అందులో కలిసిపోతుంది. మోకాలి వెనక V ఆకారంలో గాటు పెట్టి వంచే పద్ధతి ప్యాంటు బొమ్మలకు బాగుంటుంది. ఇక్కడ అది బోసి చర్మం మీద పుట్టీ మచ్చ మిగులుస్తుంది.

పాకేవాడికి నడిచే కాళ్లు తీసుకోండి. సన్నని రంపంతో రెండు తొడలనూ నిక్కరు అంచు దగ్గర కోసి, ఒక కాలును ముందుకు, పక్కకు తిప్పండి. నడుము దగ్గర బెల్టు కింద కోసి మొండేన్ని 20–30 డిగ్రీలు పైకి లేపండి. కోసిన ముఖాల్లో 0.6 మి.మీ. రంధ్రం తొలిచి పేపర్ క్లిప్పు తీగ ముక్క కన్నా సన్నని ఇత్తడి తీగ గుచ్చండి. పేపర్ క్లిప్పు తీగ దాదాపు 1 మి.మీ. ఉంటుంది, సన్నని తొడను చీల్చేస్తుంది. నడుము చుట్టూ మిగిలిన సందును పుట్టీతో చొక్కా మడతలుగా మార్చండి: మడతలు బిగువుగా ఉన్న చోటు నుంచి వదులుగా ఉన్న చోటికి సాగాలి, అడ్డంగా సమానంగా గీతలు గీస్తే చొక్కా కాదు, ఇనుప స్ప్రింగులా ఉంటుంది. పడుకున్న బొమ్మ 31 మి.మీ. పొడవు వస్తుంది, 25 మి.మీ. గుండ్రని బేస్ చాలదు. 40 మి.మీ.ది వాడండి.

పొడిచేవాడి చేయి

ఈ ఒక్క చేతి మీద గంట పెట్టినా వృథా కాదు. 1907 నమూనా బయొనెట్ అలుగు 17 అంగుళాలు, అంటే మన 28 మి.మీ. బొమ్మల స్కేలు 1/56లో దాదాపు 7.7 మి.మీ. పెట్టెలో విడిగా వచ్చిన బయొనెట్ ఉంటే దాన్ని, లేకపోతే తుపాకీ కొస నుంచి కోసినదాన్ని తీసుకోండి. ఒర ఉన్న బొమ్మ అయితే ఒరలోంచి పిడి చెక్కేయడం మరవకండి. చేతిలో కత్తి ఉండి నడుముకు కూడా పిడి వేలాడితే వెంటనే పట్టుబడతారు.

చేయి కోసం తుపాకీ పట్టుకున్న కుడి చేతిని ఎంచుకుని, పిడికిలికి ఇరువైపులా తుపాకీని చెక్కేయండి. పిడికిలి మధ్యలో 0.5 మి.మీ. రంధ్రం తొలవండి. బయొనెట్ పిడి చివర అంతే తీగ గుచ్చి లోపలికి దించండి. వేళ్ల మధ్య గాడులు తుపాకీ ఆనిన వైపు ఉండవు, కత్తి కొసతో మూడు చిన్న గాట్లు పెడితే చాలు. ఇప్పుడు అసలు సంగతి కోణం. బయొనెట్ నిలువుగా దిగకూడదు, నేలతో 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా దిగాలి. నిలువుగా పొడిస్తే మొన మైన్ పైభాగంలోని ఒత్తిడి పళ్లేనికి తగులుతుంది, ఏటవాలుగా అయితే పక్కకు తగులుతుంది. బయొనెట్ కొసలో 1–1.5 మి.మీ. నేలలో మునిగేలా బేస్‌కు ముందే చిన్న రంధ్రం చేసి ఉంచండి. ఎడమ అరచేయి నేల మీద ఆనాలి. రైఫిల్ వీపుకు అడ్డంగా. దాని పట్టీని 1 మి.మీ. వెడల్పు కాగితం ముక్కతో చేసి, ఫెవికాల్ పూసి వంకలు తీర్చండి.

డిటెక్టర్

అసలుది బరువు 14 కిలోలకు కాస్త తక్కువ. పొడుగు కర్ర, కొసన చదునైన పలక, వీపున పెట్టె, చెవులకు హెడ్‌ఫోన్. కర్రకు 0.6 మి.మీ. ఇత్తడి తీగ 28–30 మి.మీ. పలకకు 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీట్‌లో దాదాపు 7×5 మి.మీ. దీర్ఘవృత్తం కోసి అంచులు అరగదీయండి. పలక మధ్యలో రంధ్రం చేసి తీగను వంచి దించితే విరగదు. ఊరికే ఆనించి ఫెవిక్విక్ పెడితే రెండో ఆటకే ఊడుతుంది. వీపు పెట్టెకు 1937 నమూనా చిన్న ప్యాక్‌ను తిరగేసి పైన చదునుగా అరగదీస్తే సరిపోతుంది. హెడ్‌ఫోన్ కోసం హెల్మెట్ తీయాల్సిన పని లేదు. చెవి దగ్గర, హెల్మెట్ అంచు కింద 1.2 మి.మీ. చక్రాలు రెండు అతికించి, వాటి నుంచి వీపు పెట్టె దాకా విద్యుత్ వైరులోని ఒక్క రాగి పోగు వేయండి. పెట్టె నుంచి కర్రకు ఇంకో పోగు. ఈ రెండు పోగులే బొమ్మను డిటెక్టర్ మనిషిగా మారుస్తాయి. అవి లేకపోతే నేల తుడిచేవాడిలా ఉంటాడు.

పలక నేలకు తగలకూడదు, 1 మి.మీ. పైన తేలాలి. కర్రను పట్టే చేతులు రెండూ తుపాకీ చేతులే: కుడిది నడుము ఎత్తులో, ఎడమది ముందుకు. పిడికిళ్లలో 0.6 మి.మీ. రంధ్రాలు ఒకే గీతలో రావాలి. అందుకే చేతులను మొండేనికి అతికించకముందే తీగను రెండు పిడికిళ్లలో దూర్చి, మొత్తాన్ని ఒకటిగా భుజాలకు కుదర్చండి.

బెంగళూరు టార్పెడో, టేపు, మైన్లు

టార్పెడో గొట్టం 1.5 మీటర్ల ముక్క అనుకుంటే 27 మి.మీ. వస్తుంది. వ్యాసానికి 1 మి.మీ. ప్లాస్టిక్ కడ్డీ సరిపోతుంది. లెక్కకు కాస్త లావే గానీ, ఇంకా సన్నగా చేస్తే మూడడుగుల దూరం నుంచి తీగలా కనబడుతుంది. ముక్కలు కలిసే చోట సన్నని టేపు పట్టీ ఒక చుట్టు చుట్టండి. మొదటి ముక్క మూతిని గుండ్రంగా అరగదీయండి, కంచెలో చిక్కుకోకుండా జారడానికి అసలుదానికి అలాంటి మూతే ఉంటుంది. జంటలో ఒకడు పడుకుని మూడు ముక్కలు కలిపిన 81 మి.మీ. గొట్టాన్ని కంచె కిందికి తోస్తుంటే, రెండోవాడు నాలుగో ముక్క అందిస్తుంటాడు. 100×40 మి.మీ. బేస్ ఒకటి వీళ్లిద్దరికీ వేయండి. ఆటలో విడిగా కదపాల్సి వస్తుందంటే బొమ్మల బేస్‌లు దిగేలా గుంటలు చేసిన పెద్ద బేస్ చేసుకోండి.

టేపు మోసేవాళ్లకు మాస్కింగ్ టేపును 1 మి.మీ. పట్టీలుగా కోసి, రెండు పట్టీల జిగురు వైపులను ఒకదానికొకటి అంటించండి. ఒంటి పట్టీ గాలికి వంకరపోతుంది. చేతిలోని చుట్టకు 0.8 మి.మీ. తీగ మీద అదే పట్టీ ఏడెనిమిది చుట్లు. అలమైన్‌లో ట్యాంకుల కోసం ముందు తెరిచిన దారి 8 గజాల వెడల్పు, అంటే ఈ స్కేలులో దాదాపు 13 సెం.మీ. టేబుల్ మీద రెండు టేపు గీతలు ఆ దూరంలో పరిస్తే క్రూసేడర్ ట్యాంకు మోడల్ హాయిగా పడుతుంది.

మైన్లకు ఆఫీసు కాగితాల పంచ్ చాలు. అది 6 మి.మీ. రంధ్రం చేస్తుంది, జర్మన్ టెల్లర్‌మైన్ వ్యాసం దాదాపు 32 సెం.మీ., స్కేలులో 5.7 మి.మీ. 0.5 మి.మీ. షీట్‌లోంచి చక్రాలు కొట్టి మూడేసి అతికించండి, పై అంచును ఏటవాలుగా అరగదీయండి, నడుమ 2 మి.మీ. చిన్న చక్రం పెట్టండి. మందపు షీట్‌ను నేరుగా పంచ్‌లో పెడితే పంచే పాడవుతుంది. తవ్వితీసిన మైన్లు రెండు మూడు పేర్చినట్టు పొడిచేవాడి పక్కన బేస్ మీద పెట్టండి.

కాపలా వాళ్లకు తలపాగా

సాపర్లకు కాపుగా అదే డివిజన్‌లోని 4/16 పంజాబ్ మనుషులు నలుగురుంటే సెక్షన్ నిండుగా ఉంటుంది. ఇక్కడ తలపాగా కావాలి. విడి తలల ప్యాకెట్లు దొరుకుతాయి గానీ, సిక్కు తలపాగా సొంతంగా చేసుకోవడం పెద్ద కష్టం కాదు, ఓపిక కావాలి అంతే.

బోసి తల లేదా సైడ్ క్యాప్ తల తీసుకుని కనుబొమల పైనుంచి అంతా చెక్కేయండి. తలను గుండుసూదికి గుచ్చి కార్కులో నిలబెట్టండి. మొదటిరోజు 3 మి.మీ. గ్రీన్ స్టఫ్ ఉండను నడినెత్తిన నొక్కి కాస్త వెనక్కి వాలేలా చేసి వదిలేయండి. ఇదే ఎముక. దీన్ని ఆరనివ్వకుండా మడతలు మొదలుపెడితే ప్రతి నొక్కుకూ తల ఆకారమే మారుతుంది. మర్నాడు చపాతీ పిండిలా మెత్తగా పిసికిన పుట్టీని వేజలీన్ రాసిన గాజు మీద 1 మి.మీ. పట్టీలుగా కోయండి. మెడ వెనక నుంచి చెవి పై అంచు మీదుగా నుదురు వైపు ఏటవాలుగా, ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి, పక్కపక్కన సగం సగం కప్పుకుంటూ వేయండి. ఒక్కో వైపు ఐదు చాలు. నుదుటి దగ్గర అవి కలిసి తిరగేసిన V అవ్వాలి, దాని కింద చిన్న త్రికోణం వదలాలి. పట్టీలను వేలితో చదును చేయకండి. తడి సూదితో ప్రతి పట్టీ పై అంచును మాత్రమే కిందిదాని మీదికి నొక్కండి. నడినెత్తిని చివర్లో ఒక చిన్న ముద్దతో మూసి నాలుగు గీతలు గీయండి. గడ్డానికి సన్నని పురి దవడ వెంట పెట్టి, సూదితో కిందికి దువ్వండి. తలపాగా పెద్దదైపోవడమే అందరికీ ఎదురయ్యే సమస్య. నుదుటి నుంచి నెత్తికి 3 మి.మీ. దాటితే చెక్కి తగ్గించండి.

పంజాబీ ముస్లిం జవాన్ల పగిడీ వేరు: మధ్యలో మొనదేలిన కుళ్లా (టోపీ), చుట్టూ గుడ్డ, వెనక వేలాడే కొస. ఒకే కాపలా గుంపులో రెండూ ఉంటే అది పంజాబ్ బెటాలియన్ అని చూడగానే తెలుస్తుంది.

ప్రైమర్, రంగు

స్ప్రే ప్రైమర్‌కు మన వాతావరణమే అసలు శత్రువు. కాకినాడలో, విశాఖలో జూలై తడి గాలికి స్ప్రే కొడితే తేమ పట్టి పొగమంచులా తెల్లగా దిగుతుంది. హైదరాబాద్ మే మధ్యాహ్నం కొడితే బొమ్మను చేరేలోపే గాలిలో ఆరి ఇసుకలా గరుకుగా అంటుతుంది. వానాకాలంలో కుంచెతో పూసే అక్రిలిక్ ప్రైమర్, ఎండాకాలంలో తెల్లవారుజాము స్ప్రే మేలు. తేమ ఎక్కువున్న రోజున ఫెవిక్విక్ కూడా అతుకు చుట్టూ తెల్ల పొర కడుతుంది, నూనె తడిపిన ఇయర్ బడ్‌తో తుడిస్తే చాలావరకు పోతుంది. తర్వాత సబ్బు నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు పట్టదు.

యూనిఫాంకు వాల్లెహో ఇంగ్లిష్ యూనిఫాం మీద ఇరాకీ సాండ్ పలచగా, ఉబ్బెత్తు చోట్ల ఇంకాస్త. చర్మానికి నలుపు కలిపిన బూడిద రంగు వాడకండి, బొమ్మ శవంలా ఉంటుంది. ఎర్రదనం ఉన్న ముదురు గోధుమ రంగుతో మొదలుపెట్టి, వెలుగు చోట్లకు కాస్త నారింజ కలపండి. పదిమందికీ ఒకే చాయ వేయకండి, కనీసం మూడు చాయలు. నాయక్ చేతికి రెండు పట్టీలు, హవల్దార్ అయితే మూడు. రంగు పూర్తయ్యాక ముందు గ్లాస్ (మెరిసే), తర్వాత మ్యాట్ (మెరవని) వార్నిష్. ఇత్తడి తీగ డిటెక్టర్లు, టార్పెడో కొసలు ఆటలో వేళ్లు ముందుగా తగిలే చోట్లు, వాటికి గ్లాస్ రెండో పూత వేయండి.